వందేళ్ల వాల్తేరుకు ఒక కొలిమి మనిషి అభినందన

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండాయని రాయబోయి కలం ఆపేశాను. మన భాషలో ఆ మాట ఎప్పుడంటారో అందరికీ తెలుసు. అందుకని నూరో పుట్టినరోజు చేసుకుంది అంటాను. 1926 ఏప్రిల్ 26 పుట్టినతేదీ. బెజవాడలో తప్పటడుగులు వేసి, 1930లో వాల్తేరు వచ్చి అక్షరాలా గట్టెక్కింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు నాటారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు నీళ్లు పోశారు, జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు దోసిళ్లతో ఎరువు వేశారు. ఈ కథంతా ఈ ఏడాది పొడుగునా వేదికలెక్కి చెప్పేవాళ్లు ఉన్నారు. శాలువాలుంటాయి, జ్ఞాపికలుంటాయి, ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథులుంటారు. నా అభినందన వేరే గుమ్మంలోంచి వస్తోంది.

నేను ఇక్కడ భౌతికశాస్త్రం చదువుకుని ఉక్కు కార్ఖానాలో చేరాను. ఉద్యోగమంతా దాదాపు ఒకటే పని: కొలిమి ఎంత వేడిగా ఉందో కొలవడం, కొలిచింది లాగ్‌బుక్కులో రాయడం. కొలిమి నుంచి కరిగిన ఇనుము కాలువలోకి దూకేటప్పుడు దాని వేడి 1500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. థర్మోకపుల్ ముంచి చూసే పద్ధతి ఎటూ ఉంది. కానీ మా ఫోర్‌మన్ గారు పాతకాలం మనిషి. ఆయన చేతిలో పైరోమీటరు అనే గొట్టం ఉండేది. దాన్ని కంటికి ఆనించి ఇనుము ధార వైపు చూడాలి. చూపుకు అడ్డంగా వెంట్రుకంత తీగ ఒకటి కనిపిస్తుంది. మీట తిప్పేకొద్దీ తీగలో కరెంటు పెరిగి అది ఎర్రబడుతుంది, నారింజ రంగుకు వస్తుంది, పసుపుకు తిరుగుతుంది. ఒక్క క్షణం, ఇనుము వెలుగూ తీగ వెలుగూ ఒకటైపోయి తీగ మాయమవుతుంది. మాయమైనప్పుడు ముల్లు ఏ అంకె మీద ఉంటే అదే వేడి.

నా కంటికి 1480 దగ్గర మాయమైన తీగ పక్కవాడి కంటికి 1490 దాకా మాయమయ్యేది కాదు. ఇద్దరిలో ఎవరు తప్పని అడిగితే ఆయన నవ్వేవారు. "తప్పొప్పులు తర్వాత చూద్దాం బాబూ. ముందు అంకె పక్కన కన్ను ఎవరిదో రాయి" అనేవారు. నాలుగు నెలలు పోయాక ఆ పుస్తకం తిరగేస్తే నా కన్ను ఎప్పుడూ పది తక్కువ చూస్తుందని తేలింది. తేలాక సమస్యే లేదు, పది కలుపుకుంటే సరి. రాయకపోయి ఉంటే రెండు అంకెలూ పనికిరాకుండా పోయేవి.

ఉద్యోగం వదిలాక ఆర్కే బీచ్‌లో సాయంత్రం నడక నాకు అలవాటు. ఏటా మే నెల వచ్చేసరికి బల్ల మీద చేరే మిత్రుల్లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తకుండా ఉండరు. "గురువుగారూ, ఈ ఎండలకు మనుషులేం చేస్తారండీ? పైవాడే రాజేస్తున్నాడు." పైవాడంటే దేవుడు కాదు, సూర్యుడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మన తాతల నాటివే, సందేహం లేదు. కానీ సూర్యుడు నిజంగా వెనకటి కంటే ఎక్కువ మండుతున్నాడా అన్నది కొలిమి దగ్గర పనిచేసినవాడు తేలిగ్గా వదిలేసే ప్రశ్న కాదు. ఇవాళ ఎంత మండుతున్నాడో కొలవచ్చు. మా ముత్తాత చిన్నప్పుడు ఎంత మండాడు? శ్రీనాథుడు బతికున్నప్పుడు ఎంత మండాడు? ఆ షిఫ్టు లాగ్‌బుక్కు ఎవరి దగ్గరుంది?

ఇప్పటి లెక్క ముందు చెబుతాను. భూమి ఉన్న దూరంలో, గాలిపొర బయట, సూర్యుడికి ఎదురుగా పట్టిన ఒక చదరపు మీటరు పలక మీద సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. అంటే ఒక ఇస్త్రీపెట్టె, దాంతోపాటు నాలుగైదు ఫ్యాన్లు నడిచేంత. దీన్ని ఆకాశంలోకి వెళ్లి ఎడతెగకుండా కొలవడం 1978లో నింబస్-7 ఉపగ్రహంతో మొదలైంది. అప్పటినుంచి తేలిందేమిటంటే, 11 ఏళ్లకొకసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే ఆటలో ఈ 1361 అటూ ఇటూ ఊగేది సుమారు ఒక్క వాటు. వెయ్యింటికి ఒక వంతు కూడా నిండదు. మా కొలిమి లెక్కలో చెప్పాలంటే ఒకటిన్నర డిగ్రీ కూడా కాదు. అది మా గొట్టానికి అందేదే కాదు. పడగ్గదిలో రాత్రిపూట వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు ఆరిందా వెలిగిందా అని ఇస్త్రీపెట్టె పక్కన కూర్చుని కనిపెట్టాలి. ఇంకో తమాషా ఉంది. మొదటి ఉపగ్రహ పరికరాలు ఒక్కోటీ ఒక్కో అంకె చెప్పాయి. చాలాకాలం పుస్తకాల్లో 1366 దగ్గరి అంకె ఉండేది. పరికరం లోపల చెదిరిన వెలుగును సరిగ్గా లెక్కగట్టాక అది 1361కి దిగింది. సూర్యుడు తగ్గలేదు, కన్ను మారింది. ఫోర్‌మన్ గారి మాట నాకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

1978కి ముందు కొలవలేదా అంటే, కొలిచారు. ఫ్రాన్సులో పుయే 1837లోనే నీళ్లడబ్బా లాంటి పరికరంతో ప్రయత్నించి, ఇప్పటి అంకెకు పదో వంతు తేడాలో పట్టుకున్నాడు. అమెరికాలో చార్లెస్ ఆబట్ కొండలెక్కి దశాబ్దాల తరబడి కొలిచాడు. సూర్యుడు రోజురోజుకూ మారుతున్నాడనీ, దాన్ని బట్టి వానలు చెప్పవచ్చనీ నమ్మాడు. చివరికి ఆయన కొలిచిన మార్పుల్లో చాలాభాగం మన గాలిపొరవే అని తేలింది. పొగ కమ్మిన కొలిమిని గొట్టంలో చూసి కొలిమి చల్లబడిందని రాసుకున్నట్టు.

సూర్యుడు మొత్తం మీద ఎంత శక్తి వెదజల్లుతున్నాడో తెలియాలంటే ముందు అతను ఎంత దూరంలో ఉన్నాడో తెలియాలి. ఇక్కడే మా విశాఖపట్నం కథలోకి వస్తుంది, విశ్వవిద్యాలయం పుట్టడానికి చాలా ముందే.

ఇవాళ డాబాగార్డెన్స్ అంటే ఆటోల హారన్లు, సెల్‌ఫోను దుకాణాలు. 1840లో అక్కడ గోడే వెంకట జగ్గారావు గారు తన ఇంటి ఆవరణలో సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టేలరు దొర దగ్గర ఖగోళం నేర్చుకున్న మనిషి. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని చేతికి తీసుకున్నారు. ఊళ్లో ఏవీఎన్ కాలేజీ ఉంది చూడండి, సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది, ఆ పేరు ఈ నరసింగరావు గారిదే. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నల్లచుక్కలా పోతుంటే, ఇంగ్లండులో కుక్ కంపెనీ చేసిన 6 అంగుళాల దూరదర్శినితో ఈ ఊళ్లోంచే చూసి వేళలు నమోదు చేశారు. అలాంటి వేళల్ని భూగోళం నలుమూలల నుంచీ కూర్చి, సూర్యుడి దూరం ఎంతో అంతకు ముందుకంటే మెరుగ్గా గట్టారు. దూరం చేతికొస్తేగానీ ఆ మొత్తం లెక్క తేలదు. ఆ లెక్కలో మన డాబాగార్డెన్స్ చెయ్యి ఒకటుంది.

ఆ వేధశాలలో గ్రహణాలూ గ్రహాలూ అప్పుడప్పుడూ పండగలు. నిత్యపూజ మాత్రం వాతావరణం: గాలి, వాన, వేడి, ఒత్తిడి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాకంబం కూడా ఆ వేధశాల బాధ్యతే. 1892లో నరసింగరావు గారు పోయాక 1894లో వేధశాలను ప్రభుత్వానికి అప్పగించారు. కొండమీద జెండా చూసి గడియారం సరిచేసుకున్న ఊరు ఇది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త హార్బరులోకి మొదటగా వచ్చింది. దానికి కొన్ని దశాబ్దాల ముందునుంచే ఇక్కడ వేళనూ గాలినీ రాసిపెట్టే మనుషులున్నారు. విశ్వవిద్యాలయం నూరేళ్ల సంబరంలో ఈ పెద్దన్నగారికి ఒక కుర్చీ వేయడం మరచిపోకూడదు.

అదే కాలంలో సూర్యుడికీ కరువుకూ ముడివేసే కథ ఒకటి మన నేల మీదే నడిచింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు, మద్రాసు నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లి చూశాడు. గ్రహణపు వెలుగులో సూర్యుడి అంచున ఎగిసే మంటల రంగుగీతలు కనిపించాయి. గ్రహణం లేకుండానే ఆ మంటల్ని చూడొచ్చని జాన్సెన్ గుంటూరులోనే కనిపెట్టాడు. అదే కిటుకును ఇంగ్లండులో విడిగా పట్టుకున్నవాడు నార్మన్ లాకియర్. ఆ గీతల వెంటపడితే చివరికి హీలియం దొరికింది. ఆ లాకియరే 1877లో హంటర్ అనే దొరతో కలిసి, సూర్యుడి మీద మచ్చలు తగ్గిన ఏళ్లలో దక్షిణ భారతంలో వానలు తప్పుతాయనీ కరువులొస్తాయనీ రాశాడు. అప్పటికి రాయలసీమలో ధాత కరువు నడుస్తోంది. జనం లక్షల్లో చచ్చిపోతున్నారు.

నిజంగానే 1878లో మచ్చలు అట్టడుక్కు పడిపోయాయి. అందుకే ఆ వాదం పట్టు బిగించింది. కానీ అదే ఏళ్లలో దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి పోతూనే ఉంది. కరువును సూర్యుడి ఖాతాలో వేస్తే గోదాముల తాళాల గురించి ఎవరూ అడగరు. ఆ రచయితలకు ఆ ఉద్దేశం ఉందని నేననను. పాలకులకు మాత్రం అది సుఖమైన సిద్ధాంతం. ఏదైతేనేం, దాని వల్ల ఒక మంచి జరిగింది. సూర్యుణ్ణి రోజూ చూడాలన్న పట్టుదల పెరిగి, కరువు సంఘం సిఫారసులు, మద్రాసు శాస్త్రవేత్తల ఒత్తిడి కలిసి, 1899లో కొడైకెనాల్ సౌర వేధశాలగా రూపుకట్టాయి. దాని తొలి అధిపతి మిచీ స్మిత్. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక మద్రాసు ఆకాశంలో సూర్యుడు ఆకుపచ్చగా కనిపిస్తే పరికరం పెట్టి పరిశీలించిన మనిషి ఆయనే. ఆకుపచ్చ సూర్యుడు! ఊరంతా శాంతులు చేయించే వేళ ఒకడు వర్ణపటం రాసుకుంటూ కూర్చున్నాడు.

ఇక కరువుకు మచ్చలే కారణమా అన్నది తేల్చడానికి లెక్కలు దిట్టంగా వచ్చినవాడు కావలసి వచ్చింది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ ఆ పని చేశాడు. మచ్చల అంకెల్నీ వానల అంకెల్నీ పక్కపక్కన పెట్టి గుణించి చూశాడు. బంధం చాలా బలహీనమని తేలింది. ఆ వెతుకులాటలోనే ఆయనకు మరొకటి తగిలింది: పసిఫిక్ మీద గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గడం, అక్కడ తగ్గితే ఇక్కడ పెరగడం. త్రాసు తక్కెడల్లా. మనం ఇప్పుడు ప్రతి జూన్‌లోనూ టీవీల్లో వినే ఎల్‌నినో కథకు అది సగభాగం. 1877లో వచ్చింది భయంకరమైన ఎల్‌నినో. ధాత కరువులో వానలు ఎగ్గొట్టిన పెద్ద దోషి పసిఫిక్‌లో ఉంటే దొరలు సూర్యుణ్ణి బోనెక్కించారు.

మరి పాత సూర్యుడి లాగ్‌బుక్కు మాట? అది ఒక్క చోట లేదు. నలుగురైదుగురు గుమాస్తాల దగ్గర ముక్కలుగా ఉంది.

మొదటి గుమాస్తా దూరదర్శిని పట్టుకున్న మనిషి. 1610 నుంచి సూర్యుడి మచ్చల బొమ్మలు దొరుకుతున్నాయి. 19వ శతాబ్దం మధ్యలో స్విట్జర్లాండులో రుడాల్ఫ్ వోల్ఫ్ అనే ఆయన వీటన్నిటినీ ఒక అంకెగా మార్చే సూత్రం కట్టాడు. మచ్చల గుంపుల్ని పదితో గుణించి, విడి మచ్చల్ని కలిపి, మొత్తాన్ని ఒక గుణకంతో హెచ్చవేయాలి. ఆ గుణకం ఎవరిదనుకున్నారు? చూసినవాడి కన్నుది, అతని పరికరానిది. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు కొలిమి ముందు నిలబడినట్టే అనిపించింది. జ్యూరిచ్‌లో వోల్ఫ్ చేసినదీ మా ఫోర్‌మన్ గారు చేయించినదీ ఒకటే పని. 2015లో శాస్త్రవేత్తలు కూర్చుని 400 ఏళ్ల పట్టికనంతా తిరగరాశారు. మార్చినవన్నీ చాలామటుకు కన్నుల లెక్కలే.

మచ్చలు నల్లనివి కదా, ఎక్కువైతే సూర్యుడు మసకబారాలి కదా అని నేనూ అనుకునేవాణ్ణి. మచ్చ ఉన్న చోట వెలుగు తగ్గే మాట నిజమే. అయితే మచ్చల చుట్టూ తెల్లగా మెరిసే పట్టీలు పుడతాయి. మచ్చ పోయాక కూడా అవి చాలాకాలం ఉంటాయి. మొత్తం లెక్కలో పట్టీలదే పైచేయి. అందుకే మచ్చల ఏడు సూర్యుడు రవ్వంత ఎక్కువ వెలుగుతాడు. ఆ పట్టీల్ని చూడాలంటే కాల్షియం విడిచే ఊదారంగు వెలుగులో ఫొటో తీయాలి. కొడైకెనాల్‌లో 20వ శతాబ్దం మొదట్లోనే ఆ పని మొదలై శతాబ్దమంతా సాగింది. ఎండ కనబడిన ప్రతి పొద్దునా ఒక గాజుపలక. అదే రెండో గుమాస్తా. ఆ పలకలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కాయి. ప్రపంచంలో ఎక్కడ ఎవరు గత శతాబ్దపు సూర్యుడి శక్తిని తిరిగి కట్టాలన్నా తమిళనాడు కొండ మీద ఉద్యోగులు కడిగి ఆరబెట్టిన ఆ పలకలు ఎంతో అక్కరకొస్తాయి. మొదటి పలకలు తీసిన నాడు వాళ్లకు భూతాపం అనే మాటే తెలియదు.

మూడో గుమాస్తా చెట్టు. నాలుగోది మంచు. బయటి రోదసి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన గాలిని తాకి కార్బన్-14ను, బెరీలియం-10ను పుట్టిస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉంటే అతని అయస్కాంత క్షేత్రం గొడుగులా అడ్డుపడి ఆ కిరణాల్ని తగ్గిస్తుంది. నిద్రపోతే గొడుగు ముడుచుకుంటుంది, కార్బన్-14 పెరుగుతుంది. చెట్టు దాన్ని పీల్చి ఆ ఏటి వలయంలో దాచుకుంటుంది. బెరీలియం ధ్రువాల మంచుపొరల్లోకి దిగుతుంది. అలా వేల ఏళ్ల సూర్యుడి నాడి దొరుకుతుంది. 2012లో ఫుసా మియాకే అనే జపాన్ శాస్త్రవేత్త దేవదారు వలయాల్లో క్రీస్తుశకం 774-775లో కార్బన్-14 ఒక్కసారిగా ఎగబాకడం చూపించింది. సూర్యుడు అప్పుడు నిద్రలో లేడు, ఒక్కసారిగా విరుచుకుపడ్డాడంటారు.

1645 నుంచి 1715 దాకా 70 ఏళ్లు మచ్చలు దాదాపు మాయమైపోయాయి. జాక్ ఎడ్డీ 1976లో పాత రికార్డులన్నీ తవ్వి, చూసేవాళ్లు లేక కాదు, నిజంగానే లేవని రుజువు చేశాడు. చెట్టు వలయాలూ అదే మాట చెప్పాయి. ఐరోపాలో చలి బాగా ముదిరిన కాలం అది. అయితే ఆ చలిలో సూర్యుడి వాటా ఎంత? 1990లలో లెక్కగట్టినవాళ్లు అప్పటి సూర్యుడు వెయ్యింటికి రెండు మూడు వంతులు తక్కువ వెలిగాడన్నారు. తర్వాతి లెక్కల్లో చాలావరకు అది ఒక వంతుకూ అంతకంటే కిందికీ దిగింది. మధ్యలో ఒక బృందం 6 వాట్ల దాకా చెప్పింది, అది నిలబడలేదు. అగ్నిపర్వతాలకూ ఆ చలిలో భాగం ఉంది. ఈ తగాదా ఇంకా పూర్తిగా తెగలేదు, నేను తెంచలేను. సూర్యుడికి వాతావరణం మీద పట్టే లేదని మాత్రం ఎవరూ అనడం లేదు. ఒమాన్ గుహల్లో పెరిగిన సున్నపురాతి స్తంభాల పొరల్లో వేల ఏళ్ల వెనకటి వానల హెచ్చుతగ్గులు సూర్యుడి హెచ్చుతగ్గులతో అడుగు కలిపి నడిచిన జాడలున్నాయి. మనం అరకు రైల్లో పోతూ దిగి చూసే బొర్రా గుహల్లోనూ అలాంటి స్తంభాలే.

ఐదో గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి విశ్వవిద్యాలయం వాకిట్లోకి వచ్చేశాం.

సూర్యుడి మొత్తం శక్తి వెయ్యింటికి ఒక వంతు ఊగితే, కంటికి కనబడని అతినీలలోహిత వెలుగు అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది. దాని కొసన ఉండే అతి పదునైన భాగమైతే మచ్చలు నిండిన ఏట రెట్టింపు కూడా అవుతుంది. ఆ వెలుగు గాలిపొర పైకప్పును తాకి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టడం వల్ల పుట్టేదే అయనోవరణం. కింద నుంచి రేడియో తరంగాన్ని పైకి విసిరితే అది తగిలి తిరిగొస్తుంది. ఎంత పౌనఃపున్యం దాకా తిరిగొస్తుందో రాసుకుంటే ఆ పూట సూర్యుడు ఎంత పదునుగా ఉన్నాడో తెలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆచార్య బి. రామచంద్రరావు గారి నాయకత్వంలో వాల్తేరులో అయనోవరణ పరిశోధన ఒక బడిగా ఎదిగింది. అయనోవరణం మీద పనిచేసేవాళ్లకు వాల్తేరు అనే పేరు ఒక రైల్వే స్టేషన్ పేరు కాదు, ఒక కొలత దొరికే చోటు. 1957-58లో సూర్యుడి మచ్చలు, మనిషి లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఎన్నడూ లేనంత ఎక్కువయ్యాయి. నేను చదివే రోజుల్లో మా సీనియర్లు ఆ ఏళ్ల గురించి పెళ్లి కబుర్లు చెప్పినట్టు చెప్పేవారు.

సముద్రం వైపు కూడా ఒక మాట. ఆచార్య సి. మహదేవన్ గారి భూగర్భ శాఖ, 1950లలో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ కలిసి ఈ తీరం నీళ్లను కొలిచారు. సముద్రం అడుగున దొరికిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మహదేవన్ అనీ పేర్లున్నాయి. సూర్యుడు ఇచ్చిన వేడిలో అదనంగా మిగిలేదాన్ని దాచుకునే అసలు ఖజానా సముద్రమే కాబట్టి ఈ పని సూర్యుడి పనికి వేరు కాదు. వాతావరణానికీ సముద్రానికీ కలిపి ఒక శాఖ నడపాలన్న ఆలోచన ఈ గట్టు మీద తొందరగానే వచ్చింది.

1942లో యుద్ధం ఈ ఊరి మీదికొచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయి. క్యాంపస్ సైన్యం చేతికి పోయి, విశ్వవిద్యాలయం గుంటూరు తరలింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, ఆగిన కొలతలు మళ్లీ మొదలుపెట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చెట్లనూ కప్పుల్నీ ఎత్తుకుపోయినప్పుడూ అంతే. నేను అభినందించేది ఇందుకు. నోబెళ్లూ పద్మాలూ గొప్పవే. కొలత తప్పిపోయిన రోజు ఖాళీ వదిలి, మర్నాడు మళ్లీ తేదీ వేసి అంకె రాసిన చేతులు అంతకంటే తక్కువవి కావు.

ఇప్పుడు బీచ్ బల్ల మీది ప్రశ్నకు వస్తాను. సూర్యుడే రాజేస్తున్నాడా? 1980ల తర్వాత సూర్యుడి చురుకు మొత్తం మీద తగ్గుముఖం పట్టింది. 2014లో శిఖరం చేరిన మచ్చల ఆవృత్తం వందేళ్లలోకెల్లా బలహీనమైనది. భూమి మాత్రం అదే కాలంలో, కొలతలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత వేగంగా వేడెక్కింది. సూర్యుడి పని అయితే గాలిపొర పైభాగం కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కింద కప్పిన దుప్పటి మందమవుతున్న జాడ అది. 2021లో వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) నివేదికలో 1750 నుంచి మనుషులు జోడించిన భారం చదరపు మీటరుకు సుమారు 2.7 వాట్లు. సూర్యుడి వాటా 0.1 వాటు కూడా లేదు.

దుప్పటి ఎవరు కప్పారన్నదీ చెప్పాలి. బొగ్గుతో ఒక టన్ను ఉక్కు తీస్తే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అది నేను అన్నం తిన్న కొలిమి. విశాఖ ఉక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చిన ఊరు ఇది. ఆ కొలిమిని నేను తిట్టను. ఉక్కు లేకుండా వంతెనా లేదు, ఓడా లేదు, ఈ విశ్వవిద్యాలయం కొత్త భవనమూ లేదు. కానీ వేడి ఎక్కడిదని అడిగినప్పుడు పక్కింటివాడి పొయ్యి చూపించడం నాకు ఇక్కడ నేర్పలేదు. అది సూర్యుడిది కాదు, మాది. అంకె పక్కన నా కన్ను ఉందని రాయమనే చదువు ఇది.

మన తీరంలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయల్దేరి ఇప్పుడు సూర్యుణ్ణి రెప్పవాల్చకుండా చూస్తోంది. అతినీలలోహిత వెలుగును కొలిచే పరికరం కూడా అందులో ఉంది. రాబోయే నూరేళ్లకు లాగ్‌బుక్కు పైనుంచి వస్తుంది. వెనకటి నూరేళ్లది మాత్రం ఇంకా కిందే ఉంది, అటకల మీద, బీరువాల్లో, అట్టపెట్టెల్లో.

కొన్నేళ్ల కిందట బీచ్‌లో మిరపకాయ బజ్జీలు కొన్నాను. నూనె పీల్చడానికి ఇచ్చిన కాగితం మీద చూపు పడింది. నీలం సిరా, గీతలు కొట్టిన గళ్లు. తేదీ, ఉదయం, సాయంత్రం, గాలి దిక్కు, వాన. అందమైన గొలుసుకట్టు చేతిరాత. చివరి గడిలో పొట్టి సంతకం. ఏ ఆఫీసుదో, ఏ ఊరిదో, ఏ ఏటిదో తెలియలేదు. పైభాగం చిరిగిపోయి ఉంది. బండివాణ్ణి అడిగితే, "పాత కాగితాల షాపులో కిలోల లెక్కన తెచ్చానండీ, ఆ కట్ట నిన్ననే అయిపోయింది" అన్నాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. దాని మీద నూనె మరక పడిన గడిలోని అంకె ఇప్పటికీ చదవలేకపోతున్నాను.

అందుకని విశాఖ వాసులకు ఒక విన్నపం. మీ తాతగారు హార్బరులోనో, రైల్వేలోనో, వేధశాలలోనో, సాల్టు శాఖలోనో, తోటల్లోనో పనిచేసి ఉంటే, ఇంట్లో వాన లెక్కల పుస్తకమో, ఓడ లాగ్‌బుక్కో, గ్రహణం రోజు గీసిన బొమ్మో ఉంటే, పాత పేపర్లవాడికి వేయకండి. విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది, అక్కడ ఇవ్వండి. విశ్వవిద్యాలయం పెద్దలకు కూడా ఒక మనవి. ఈ శతాబ్ది ఏడాదిలో ఆ కాగితాలు తీసుకోవడానికి ఒక బల్ల, ఒక మనిషి, ఒక స్కానరు ఏర్పాటు చేయండి. తెచ్చి ఇచ్చినవాళ్లను ఆ రాసినాయన పేరేమిటని అడిగి, అది కూడా పక్కన రాసుకోండి.